నీటి నుండి హైడ్రోజన్: వాహన ఇంధనంగా సాధ్యాసాధ్యాలు

ట్రాక్టరు ఇంజనుకు నీటితో పనిచేసే చిన్న పరికరం అమర్చితే డీజిల్ ఖర్చు సగానికి తగ్గుతుందన్న ప్రచారం గ్రామాలకూ చేరింది. కొనవచ్చునా అని రైతు అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త లెక్కతో సమాధానం చెప్పగలగాలి.

నీరు ఇంధనం కాదు. కట్టె కాలగా బూడిద మిగిలినట్లే, హైడ్రోజన్ మండగా నీరు మిగులుతుంది. దానిని తిరిగి విడదీయాలంటే మండినప్పుడు వెలువడిన శక్తినంతటినీ మళ్ళీ సమకూర్చాలి. కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల నీరు చాలు గాని, విద్యుత్తు 50 నుండి 55 యూనిట్లు కావాలి. ఆ కిలోలో వాహనానికి అందే శక్తి 33 యూనిట్లు, అనగా సుమారు 3.3 లీటర్ల డీజిల్‌తో సమానం.

హైడ్రోజన్ కారు అసాధ్యమని దీని అర్థం కాదు. టయోటా సంస్థ మిరాయ్ కారును 2014లో జపాన్‌లో విడుదల చేసింది. అందులో 700 బార్ల పీడనం వద్ద సుమారు 5 కిలోల హైడ్రోజన్ నింపుతారు. ఫ్యూయెల్ సెల్ దానిని విద్యుత్తుగా మారుస్తుంది. అయితే హైడ్రోజన్ బయట తయారై రావలసిందే. నీటిని విడదీయడానికి వెచ్చించిన 100 యూనిట్లలో చక్రాలకు చేరేది దాదాపు 30. అదే విద్యుత్తును బ్యాటరీలో నింపితే 70కి పైగా చేరుతుంది. కనుక చౌక విద్యుత్తు ఉన్నచోటనే ఈ పద్ధతి నిలిచింది. 1960లలో పంజాబ్‌లోని నంగల్ ఎరువుల కర్మాగారం భాక్రా జలవిద్యుత్తుతో నీటి నుండి హైడ్రోజన్ తీసి అమ్మోనియా తయారుచేసింది.

ఇక ట్రాక్టరు పరికరం సంగతి. అది ఆల్టర్నేటరు నుండి 12 వోల్టుల వద్ద 20 ఆంపియర్లు, అనగా 240 వాట్లు తీసుకుంటుందనుకుందాం. పెద్ద కర్మాగారపు సామర్థ్యమే దీనికీ ఉన్నదని ఉదారంగా ఒప్పుకున్నా, గంటకు వచ్చే హైడ్రోజన్ 5 గ్రాములు. అది సుమారు 16 మిల్లీలీటర్ల డీజిల్‌తో సమానం. ఇంజను సామర్థ్యం 30 శాతం, ఆల్టర్నేటరుది 60 శాతం అయినచో, ఆ విద్యుత్తు కోసం కాలిన డీజిల్ సుమారు 130 మిల్లీలీటర్లు!

ఈ వాయువు డీజిల్‌ను మరింత పూర్తిగా మండిస్తుందని విక్రేతలు వాదిస్తారు. మంచి స్థితిలో ఉన్న డీజిల్ ఇంజనులో 98 శాతానికి పైగా ఇంధనం ఇదివరకే మండుతున్నది. పైగా హైడ్రోజన్, ఆక్సిజన్‌ల మిశ్రమం చిన్న నిప్పురవ్వకే పేలుతుంది.

అయినా రైతు పట్టుబడితే, డబ్బు చెల్లించకముందే పరీక్ష కోరమనాలి. ఒకే మడిని రెండు సమభాగాలు చేసి, ఒకే గేరులో, ఒకే లోతున, ఒక భాగాన్ని పరికరంతోను, రెండవ దానిని పరికరం లేకుండాను దున్నించాలి. ప్రతిసారీ ట్యాంకును అంచువరకు నింపి మొదలుపెట్టి, పని ముగిశాక తిరిగి అంచువరకు నింపడానికి పట్టిన డీజిల్‌ను కొలపాత్రతో కొలవాలి.