ఘాట్ రోడ్డులో ఇన్సూరెన్స్ చెకింగ్

శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కితే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అక్కడ బండి ఆపి ఇన్సూరెన్స్ అడిగితే? డిజీలాకర్, ఎంపరివాహన్‌లో చూపించినా చెల్లుతుందని కేంద్రం 2018లోనే చెప్పింది. డేటాబేస్‌లో సరిచూడాలంటే మాత్రం నెట్ కావాలి.

అసలు చెక్ చేసేవాళ్లకి కావాల్సింది ఒక్కటే: ఈ బండికి ఇవాళ పాలసీ ఉందా, లేదా? ఓనరు అడ్రసు, ఫోన్ నంబరు అనవసరం. వాహన్ డేటాని బల్క్‌గా అమ్మే విధానం 2019లో తెచ్చిన కేంద్రమే, ప్రైవసీ ఇబ్బందులున్నాయని 2020లో రద్దు చేసింది.

మనం చదివే డిజిటల్ సంతకం ఇక్కడ పనికొస్తుందని నాకనిపిస్తుంది. క్యూఆర్‌లో బండి నంబరు, గడువు తేదీ, కంపెనీ సంతకం ఉంటే చాలు. కంపెనీ పబ్లిక్ కీ చెకింగ్ ఫోన్‌లో ముందే ఉంటే, నెట్ లేకున్నా సరిచూడొచ్చు. తేదీ దిద్దితే సంతకం కలవదు. మధ్యలో రద్దైన పాలసీల జాబితా మాత్రం ఘాట్ ఎక్కకముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.