అమెరికాలో డాక్టర్ క్రెడెన్షియలింగ్ త్వరగా తేలాలంటే: చేయవలసినవి, చేయకూడనివి

అమెరికాలో కొత్త ఆసుపత్రి నుంచి నియామక పత్రం అందినా డాక్టర్ వెంటనే రోగులను చూడలేరు. చదువు, లైసెన్సు, పాత ఉద్యోగాలు, కేసులు అన్నిటినీ ఆసుపత్రి ఒకపక్క, బీమా కంపెనీలు మరోపక్క మూలం నుంచే తెప్పించుకుని సరిచూస్తాయి. ఈ క్రెడెన్షియలింగ్‌కు మామూలుగా మూడు, నాలుగు నెలలు పడుతుంది. జాప్యం తగ్గించాలని తనిఖీనే తగ్గిస్తే ప్రాణాలమీదికి వస్తుంది. టెక్సస్‌లో క్రిస్టఫర్ డంచ్ అనే న్యూరోసర్జన్ శస్త్రచికిత్సలు చేసినవారిలో ఇద్దరు 2012లో చనిపోయారు, ఇంకా పలువురు తీవ్రంగా గాయపడ్డారు. మొదటి ఆసుపత్రి అతన్ని రాజీనామా చేసి వెళ్లనిచ్చిందే తప్ప, డాక్టర్ల మీద తీసుకున్న చర్యలు, చెల్లించిన పరిహారాలు నమోదయ్యే నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంకుకు తెలియజేయలేదు. దాంతో అతనికి మరో ఆసుపత్రిలో చోటు దొరికింది. 2017లో జీవిత ఖైదు పడింది. అందుకే తనిఖీ జోలికి పోకుండా, మన కాగితాల్లో పొరపాట్లు లేకుండా చూసుకుని వేగం తెచ్చుకోవాలి.

చేయవలసినవి

ముందు పేరు సంగతి తేల్చుకోండి. తెలుగు డాక్టర్ల ఫైళ్లకు ఇదే పెద్ద చిక్కు. ఎంబీబీఎస్ పట్టాలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. పాస్‌పోర్టులో అదే పూర్తిగా, చివర ఉంటుంది. పెళ్లయ్యాక తీసుకున్న లైసెన్సులో భర్త ఇంటిపేరు చేరి ఉండొచ్చు. అక్కడ కూర్చుని సరిచూసే ఉద్యోగికి ఇవి ముగ్గురు వేర్వేరు మనుషుల పేర్లు. ప్రతి రూపాన్నీ ‘ఇతర పేర్లు’ గడిలో రాయండి. పెళ్లి ధ్రువపత్రం గానీ, పేరు మార్పు ఉత్తర్వు గానీ జతచేయండి. ఎన్‌పీఐ (డాక్టర్ గుర్తింపు సంఖ్య), రాష్ట్ర లైసెన్సు, డీఈఏ (నియంత్రిత మందులు రాసే అనుమతి) మూడింటిలోనూ పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి.

పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం పేరు పట్టా చూసి రాయండి, జ్ఞాపకం మీద రాయకండి. విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో ఏర్పడింది. అంతకుముందు చదివినవారి పట్టాలు ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర వంటి విశ్వవిద్యాలయాలవి. వరంగల్‌లో కాళోజీ విశ్వవిద్యాలయం రాష్ట్ర విభజన తరువాత వచ్చింది. కాబట్టి 2000లో గాంధీ మెడికల్ కాలేజీలో చదువు పూర్తిచేసిన డాక్టర్ వివరాలు కూడా విజయవాడ నుంచే రావాలి. ఆ విశ్వవిద్యాలయం పేరు 2022లో వైఎస్సార్‌గా మారి, ఆ తరువాత మళ్లీ ఎన్టీఆర్ అయింది. వరంగల్‌కు పొరపాటున వెళ్లిన ఉత్తరం తిరిగొచ్చేసరికి వారాలు గడిచిపోతాయి. వైద్య విద్య విషయంలో విదేశాల్లో చదివిన డాక్టర్లకు ఈసీఎఫ్‌ఎంజీ ఇచ్చే ధ్రువీకరణను చాలాచోట్ల అంగీకరిస్తారు. ఆ నంబరు మొదటి రోజే ఇచ్చేయండి.

ఉద్యోగాల మధ్య ఖాళీలకు నెలలతో సహా లెక్క చెప్పండి. ఆరు నెలలు దాటిన ఖాళీకి కారణం అడుగుతారు, ఏడాది దాటితే రాతపూర్వకంగా కావాలంటారు. వీసా కోసం ఆగారా, బిడ్డ పుట్టిందా, నాన్నగారి వైద్యానికి ఇండియా వెళ్లారా? ఒక్క వాక్యం రాస్తే చాలు.

బీమా కంపెనీలు డాక్టర్ల వివరాలు చూసుకునే సీఏక్యూహెచ్ ఖాతాలోని వివరాలు సరైనవేనని 120 రోజులకోసారి ధ్రువీకరించాలి. ఇల్లినాయ్‌లో మాత్రం 180 రోజులు. గడువు దాటితే బీమా కంపెనీ దగ్గర దరఖాస్తు కదలదు. మాల్‌ప్రాక్టీస్ బీమా పత్రం పాతబడినా అంతే. రెండు తేదీలకూ ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి.

సిఫార్సుకు ఈమధ్య మీతో కలిసి పనిచేసిన, మీ విభాగం తెలిసిన డాక్టర్ల పేర్లివ్వండి. ఫారం వస్తుందని వారికి ముందే ఫోన్ చేసి చెప్పండి.

చేయకూడనివి

పాత కేసు దాచొద్దు. కోర్టు కొట్టేసినదైనా సరే, ప్రశ్న అడిగితే చెప్పాల్సిందే. మాల్‌ప్రాక్టీస్ కేసులో మీ తరఫున పరిహారం చెల్లించి ఉంటే అది డేటా బ్యాంకులో ఉంటుంది. చేర్చుకునేటప్పుడూ, తరువాత ప్రతి రెండేళ్లకూ ఆసుపత్రి అక్కడ విచారించాలని చట్టమే చెబుతోంది. కేసు ఉందని చెప్పిన డాక్టర్‌ను వివరణ అడిగి ముందుకు పంపుతారు. దాచి దొరికిపోతే ఇక ఏ మాటనూ నమ్మరు.

సీఏక్యూహెచ్ పాస్‌వర్డు క్లినిక్ మేనేజర్ చేతిలో పెట్టి, చదవకుండా సంతకం చేయొద్దు. వివరాలు ఎవరు నింపినా వాటికి బాధ్యత మీదే.

బీమా కంపెనీ అనుమతి రాకముందు మీరు చూసిన రోగుల బిల్లులు, నిబంధన ఒప్పుకోనప్పుడు, మరో డాక్టర్ ఎన్‌పీఐ మీద పంపనివ్వొద్దు. ‘అందరూ చేసేదే’ అని ఎవరు నచ్చజెప్పినా వినకండి. మెడికేర్ దగ్గర అది తప్పుడు క్లెయిమ్ కిందికి వస్తుంది. ఆసుపత్రిలో పని మొదలుపెట్టడానికి నిజంగా తొందరుంటే ఆసుపత్రిని తాత్కాలిక అనుమతి అడగండి. దరఖాస్తు పూర్తిగా ఉండి, అభ్యంతరాలేవీ లేకపోతే ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ నిబంధనలు 120 రోజుల వరకు దానికి వీలిస్తాయి.

ఆసుపత్రుల కమిటీల్లో కూర్చునే మన డాక్టర్లకూ ఒక మాట. ‘ఎప్పుడైనా డిప్రెషన్‌కు చికిత్స తీసుకున్నారా?’ అనే ప్రశ్న దరఖాస్తులో ఉండకూడదు. దాన్ని చూసి భయపడే డాక్టర్లు చికిత్సకే వెళ్లరు. న్యూయార్క్ డాక్టర్ లోర్నా బ్రీన్ 2020లో ఆత్మహత్య చేసుకున్నాక, ఆమె కుటుంబం స్థాపించిన ఫౌండేషన్ ఇలాంటి ప్రశ్నలు తీసేయించడానికి పనిచేస్తోంది. రోగికి హాని కలిగించే ఇబ్బంది ఇప్పుడేమైనా ఉందా అని అడిగితే సరిపోతుంది. మీ ఆసుపత్రి ఫారంలో పాత ప్రశ్నే ఉంటే, మార్చమని మెడికల్ స్టాఫ్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇవ్వండి.