అటవీ డిగ్రీ, అప్పు లెక్క

“సార్, అమ్మాయి ఫారెస్ట్రీ చదువుతానంటోంది. అప్పు తీరుతుందా?” అని అడిగారు బాసగూడ నుంచి వచ్చిన ఒక తండ్రి. తునికాకు కోసే కుటుంబం.

ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లు, 10 శాతం వడ్డీ అనుకుందాం. చదువయ్యాక ఏడాది గడువు ముగిసేసరికి సాధారణ వడ్డీతో బాకీ 5.40 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140 రూపాయలు. ఆ గడువు దాకా కేంద్రం వడ్డీ రాయితీ వర్తిస్తే 5,290.

ఛత్తీస్‌గఢ్‌లో వెయ్యి కట్టల తునికాకుకు 5,500 ఇస్తున్నారు. అంటే నెలనెలా దాదాపు 1,300 కట్టలు! కోత వేసవిలో కొద్ది వారాలే. వాయిదా అమ్మాయి జీతంలోంచే రావాలి.

ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష వృక్షశాస్త్రం చదివినవాళ్లూ రాస్తారు. అందుకే ఆఫీసరు జీతంతో లెక్క వేయొద్దన్నాను. మొదట్లో చేతికి 20 వేలే వస్తే మూడో వంతుకు పైగా వాయిదాకే పోతుంది. “పోయినేడు పాసైన పిల్లలు ఎక్కడ చేరారో, ఎంత జీతానికి చేరారో కాలేజీలో అడగండి” అన్నాను.

ఆ రెండు ప్రశ్నలూ నా చేత కాగితం మీద రాయించుకుని వెళ్లారు.