చండాలుని కొడుకు పుట్టిన రేవు



పోయిన నెల తరగతిలో సమ్యక్ ఆజీవం పాఠం అయిపోయాక ఒక తమ్ముడు లేచి నిలబడ్డాడు. సముద్రం ఒడ్డు ఊరి పిల్లవాడు. "అన్నా, మా మావయ్య వేటకెళ్తాడు. దీక్ష తీసుకుంటానంటున్నాడు. పొద్దున్నే 'పాణాతిపాతా వేరమణీ' అని చెప్పి, మధ్యాహ్నం వల లాగితే ఆ శీలం ఏమైనట్టు? మా ఊళ్లో వేరేవాళ్లు ఇదే మాట పట్టుకుని నవ్వుతున్నారు" అన్నాడు. నేను ఏవో రెండు ముక్కలు చెప్పి దాటేశాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఆ జవాబు ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను. అందుకోసం మిమ్మల్ని కొంచెం దూరం, జపాన్‌లో చేపలు పట్టే ఒక ఊరికి తీసుకెళ్లాలి.

ఆ ఊరి పేరు కొమినాతో. టోక్యోకి ఆగ్నేయంగా, పసిఫిక్ మహాసముద్రం ఒడ్డున ఉంటుంది. మా పిన్ని కొడుకు టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. 2018 నవంబరులో వాడి దగ్గరికి వెళ్లినప్పుడు, "అన్నా, నీకు గుళ్లూ గోపురాలూ వద్దుగానీ ఒక ఊరు చూపిస్తా పద" అని రైలెక్కించాడు. రెండు గంటల ప్రయాణం. దిగితే చిన్న స్టేషను, కొండ, కొండ కింద సముద్రం. ఆ కాస్త సందులోనే ఇళ్లు. రేవులో పడవలు, పైన గద్దలు తిరుగుతున్నాయి. చేపల్ని మధ్యకు చీల్చి వల గూళ్లలో ఎండబెట్టారు. ఆ వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. మా అమ్మమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేది. ఆ వాసన చొక్కాకి అంటిందని చిన్నప్పుడు బడిలో నన్ను విడిగా కూర్చోబెట్టారు. ఏడు సముద్రాల అవతల అదే వాసన. ఇక్కడెవరూ ముక్కు మూసుకోలేదు.

ఈ ఊళ్లో 1222లో నిచిరెన్ పుట్టాడు. జపాన్ బౌద్ధంలో పెద్ద శాఖల్లో ఒకదానికి మూలపురుషుడు. పన్నెండేళ్లకు దగ్గరి కొండ మీదున్న ఆలయంలో చదువుకు చేరాడు. తర్వాత రాజ్యం చేసేవాళ్లతో, మిగతా శాఖల పెద్దలతో తగువుపడి రెండుసార్లు దేశబహిష్కార శిక్ష అనుభవించాడు. ఆయన పుట్టినచోట 1276లో శిష్యులు కట్టిన తాంజోజి అనే ఆలయం ఉంది. భూకంపాల వల్ల, ఉప్పెనల వల్ల పాత స్థలం సముద్రంలో కలిసిపోతే ఆలయాన్ని జరిపి కట్టుకున్నారు. పుట్టినప్పుడు సముద్రంలో తామరలు పూశాయనీ, చేపలు గంతులేశాయనీ కథలు చెబుతారు. అద్భుతాలు మనకు అక్కర్లేదు, వాటిని వదిలేద్దాం.

మనకు కావలసింది ఆయన తన గురించి తాను రాసుకున్న మాట. 1272లో సాదో అనే ద్వీపంలో శిక్షలో ఉండి శిష్యులకు ఉత్తరం రాస్తూ, తాను పేద ఇంట్లో, నీచమని లోకం అనుకునే ఇంట్లో, సెందర కుటుంబంలో పుట్టానని చెప్పుకున్నాడు. తల్లిదండ్రులు చేపలూ పిట్టలూ తిని బతికినవాళ్లని కూడా రాశాడు. ఈ "సెందర" ఏమిటో తెలుసా? మన "చండాల"! తమ్ముడు ఆ మాట చెప్పినప్పుడు నేను ఆలయం మెట్ల మీదే కూలబడ్డాను.

ఈ మాట అంత దూరం ఎలా వెళ్లింది? సూత్రాలతోపాటే వెళ్లింది. చైనాలో బౌద్ధ గ్రంథాలను అనువదించినప్పుడు ఈ పదాన్ని అర్థం మార్చకుండా శబ్దంతోనే రాసుకున్నారు. అక్కడి నుంచి జపాన్ చేరింది. బళ్లో చదువుకున్న ఫాహియాన్ గుర్తున్నాడా? 5వ శతాబ్దం మొదట్లో మన దేశంలో తిరిగిన చైనా భిక్షువు. మధుర ప్రాంతం గురించి రాస్తూ, చండాలులు ఊరి బయట ఉంటారనీ, ఊళ్లోకి వస్తే కర్ర మీద కర్ర కొట్టి చప్పుడు చేస్తారనీ, ఆ చప్పుడు విని జనం తప్పుకుంటారనీ, చేపలు పట్టడం, వేటాడటం, మాంసం అమ్మడం వాళ్లొక్కరే చేస్తారనీ రాశాడు. మన బడి పుస్తకంలో గుప్తుల స్వర్ణయుగం అని చెప్పిన కాలం అదే. ఆ కర్ర చప్పుడు మాత్రం మాకు పాఠంలో వినిపించలేదు. చేపలు పట్టేవాడు చండాలుడు అనే లెక్క అలా పుస్తకాల్లో ప్రయాణం చేసి, మన మొహం ఎన్నడూ చూడని కొమినాతో జాలరి మీద పడింది.

అదే మాట బుద్ధుడి దగ్గర ఏమైందో బాబాసాహెబ్ చూపించారు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ప్రకృతి అనే చండాలిక కథ ఉంది. ఆమె చేతి నీళ్లు ఆనందుడు తాగాడు, ఆమె భిక్షుణి అయ్యింది. మంగలి ఉపాలి, పాకీపని చేసిన సునీతుడు ఆ పుస్తకంలోనే ఉన్నారు. యశోజుడనే భిక్షువు శ్రావస్తి జాలరి పేట పెద్ద కొడుకని అట్ఠకథలు చెబుతాయి. సంఘంలోకి వచ్చేటప్పుడు ఎవరినీ "మీ నాయన ఏం పట్టేవాడు" అని అడగలేదు.

నిచిరెన్‌ని నేను మోయడం లేదు. ఆయనకు ఇతర శాఖల మీద చాలా కోపం, ఆ కోపం అన్నిచోట్లా నాకు నచ్చదు. ఇంకో పెద్ద చిక్కు ఉంది. అదే ఉత్తరంలో తన కష్టాలన్నిటికీ కారణం తన పూర్వజన్మ పాపమేనని రాశాడు. చండాలుడినని తలెత్తి చెప్పినవాడే, తలమీది బరువుకి తనదే బాధ్యత అన్నాడు. ఇక్కడ మనం ఆగాలి. పూర్వజన్మ కర్మ అనే సిద్ధాంతం ఎవరికి పనికొస్తుందని బాబాసాహెబ్ అడిగారు. పేదవాడి స్థితికి తమ బాధ్యత లేదని తప్పించుకునే రాజ్యానికీ సమాజానికీ తప్ప ఇంకెవరికీ కాదన్నారు. శీలం నిన్ను మంచివాణ్ణి చేయాలి గానీ, నీ మీద పెట్టిన మైలను ఒప్పించకూడదు.

ఆయన భక్తులు ఇంకో పని చేశారు. తర్వాత రాసిన జీవిత చరిత్రల్లో ఆయన తండ్రిని దేశబహిష్కారానికి గురైన సమురాయిగా, గొప్ప వంశం వాడిగా మార్చేశారు. తండ్రి మామూలు జాలరి కాదు, పల్లెలో కొంచెం పెత్తనం ఉన్నవాడై ఉండొచ్చని కొందరు పరిశోధకులు కూడా అంటారు. కావచ్చు. కానీ ఆయన తన చేత్తో ఏ మాట రాసుకున్నాడో, ఆ మాట భక్తులకు ఎందుకు మింగుడు పడలేదు? మనదాంట్లో మహానుభావుడు ఎవరైనా కింది కులంలో పుడితే వెనకాల ఒక శాప వృత్తాంతం, ఒక బ్రాహ్మణ జన్మ అతికిస్తారు చూడండి, అచ్చం అదే పని.

కొమినాతోలో పడవ షికారు ఉంది. సముద్రంలో కొంచెం లోపలికి వెళ్లాక పడవాయన ఇంజను ఆపి, అంచు మీద టకటకా కొట్టి, మేత చల్లాడు. లోతు నుంచి ఎర్రటి పెద్ద చేపలు గుంపుగా పైకి తేలాయి. వీటిని తాయ్ అంటారు. జపాన్‌లో శుభకార్యాల్లో వండుకునే ఖరీదైన చేప. కానీ ఆ అఖాతంలో మాత్రం ఎవరూ పట్టరు. నిచిరెన్ మీద గౌరవంతో తరతరాలుగా పాటిస్తున్న కట్టుబాటు. అక్కడి నుంచి కొద్ది దూరంలో వేట మామూలే. ఆ రాత్రి మా పళ్లెంలోనూ చేపే ఉంది.

ఆ చేపల నివాసాన్ని జపాన్ ప్రభుత్వం 1922లో రక్షిత సహజ సంపదగా ప్రకటించింది. అదే 1922లో క్యోటోలో సుయిహేయిషా అనే సంఘం పుట్టింది. తోలు పని, పశువుల వధ లాంటి పనులు చేసినందుకు తరతరాలు వెలివాడల్లో ఉంచిన బురాకు ప్రజలు, తాము మనుషులమని చెప్పడానికి పెట్టుకున్న సంఘం. (జాలర్లు బురాకులు కారు, రెండూ కలపొద్దు.) 1871లోనే చట్టం వాళ్లను సమానులన్నది, లోకం అనలేదు. బౌద్ధ ఆలయాలు కూడా అనలేదు. చనిపోయినవారికి భిక్షువు పెట్టే ధర్మనామంలో, బురాకు మనిషైతే పశువు, తోలు, దాసుడు అనే అర్థాలొచ్చే అక్షరాలు చాలాచోట్ల చెక్కారు. సూత్రాల్లోని సెందర మాటను చూపించి, ఇది మీ గురించే అని చెప్పినవాళ్లూ ఉన్నారు. 1979లో అమెరికాలో జరిగిన ఒక మత సదస్సులో, మా దేశంలో అలాంటి వివక్షే లేదని ఒక జపాన్ బౌద్ధ ప్రముఖుడు చెప్పాడు. బురాకు సంఘాలు ఊరుకోలేదు. ఆయన తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాతే శాఖలు పాత రాళ్లు, పాత పద్దులు వెతకడం మొదలుపెట్టాయి. చేపకు కాపలా కాయడం తెలిసిన దేశంలో మనిషి సమాధి మీద పశువు అని రాశారు. బౌద్ధ దేశం కదా, అక్కడ అన్నీ బాగుంటాయి అనుకునే మనవాళ్లకు ఇది చెప్పి తీరాలి.

ఇక ఆ తమ్ముడి మావయ్య సంగతి.

దాచుకోకుండా చెప్పుకుందాం. ఉపాసకుడు చేయకూడని వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారం, మాంస వ్యాపారం ఉన్నాయి. ఆ మాట సుత్తంలో ఉంది, దాన్ని చెరిపేయలేం. కానీ మనం చెప్పేది "సిక్ఖాపదం సమాదియామి" అని. శిక్షణగా స్వీకరిస్తున్నాను అని అర్థం. దేవుడి ముందు వేసే ఒట్టు కాదు, తప్పితే నరకం అనే బెదిరింపూ లేదు. బాబాసాహెబ్ ఇంకా తేటగా విడదీశారు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు. అహింసను బుద్ధుడు సూత్రంగా చెప్పాడు, కట్టె విరిచినట్టు నియమంగా కాదు. సూత్రం మనిషికి ఆలోచించే చోటు ఇస్తుంది. అప్పు తెచ్చి పడవ ఎక్కే మనిషిది అవసరం. పది పుంజులకు కత్తులు కట్టి పందెం కాసేవాడిది కోరిక. వేటగాణ్ణి చూసి నవ్వినవాళ్లలో సంక్రాంతికి ఆ బరుల దగ్గర నిలబడేవాళ్లు ఎందరో ఆ తమ్ముడే లెక్క చూసుకోవాలి.

కాబట్టి మావయ్య దీక్ష తీసుకోవచ్చు, తీసుకోవాలి. తీసుకున్నాక ఆయనకు పని ఉంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రోజుల్లో దొంగవేట చేయకపోవడం, సన్నకళ్ల వల వాడకపోవడం, పిల్లచేపల్ని తిరిగి నీళ్లలో వదిలేయడం మొదటి శీలంలో భాగమే. కొమినాతోవాళ్లు ఒక్క అఖాతం వదిలారు. మనం రెండు నెలలు వదులుదాం.

ఈ పాఠం చదివిన ప్రతి శాఖకూ ఒక పని. మీ ఊళ్లో ఏ పని చేసేవాళ్లను ఏ పేరుతో పిలిచేవారో, ఊళ్లోకి వచ్చేటప్పుడు వాళ్లు ఏం చేయాల్సి వచ్చేదో డెబ్భై దాటిన అమ్మమ్మలను, తాతలను అడగండి. వాళ్లు చెప్పిన మాటలు చెప్పినట్టే నోటుబుక్కులో రాసి వచ్చే పౌర్ణమి వందనకు తీసుకురండి. తమ్ముడూ, నువ్వు మాత్రం మావయ్యనే వెంటబెట్టుకుని రా.