సున్నం పడిన కన్ను: నెత్తురు తీగలకు వైద్యం

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల్లో సున్నం చల్లుతుంటే గాలి తిరిగి కంట్లో పడిందనుకోండి. మొదటి వైద్యం గట్టుమీదే. దొరికిన శుభ్రమైన నీళ్లతో కనీసం అరగంట ఆపకుండా కడగాలి. పసరు, చనుబాలు పోయొద్దు. పైరెప్ప కింద సున్నం పలుకు మిగిలితే కడిగిన శ్రమంతా దండగ; ఏలూరైనా తాడేపల్లిగూడెమైనా, దగ్గరున్న కంటి డాక్టరు రెప్ప తిరగేసి తీయాల్సిందే.

నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియా. దానిలో పుట్టుకతో రక్తనాళాలుండవు, అందుకే అది అద్దంలా ఉంటుంది. దాని అంచున ఉండే మూలకణాలే తెల్లగుడ్డు పొరను లోపలికి రానివ్వవు. సున్నం వాటిని కాల్చేస్తే నెలల్లో ఎర్రటి తీగలు పాకుతాయి. వాటితో పాటు తెల్లమచ్చ పడితే ఊళ్లో ‘పువ్వేసింది’ అంటారు.

డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే కంటి సూక్ష్మదర్శినితో తీగలు ఎంతమేర వచ్చాయో, పైపైనో లోతుగానో చూస్తారు. వాపుంటే స్టెరాయిడ్ చుక్కలు. అయితే వరి ఆకు గీసుకుని బూజు పట్టిన కంట్లో అవే చుక్కలు వేస్తే కన్నే పోవచ్చు. పక్కింటివాళ్ల సీసా ముట్టుకోకండి. బెవాసిజుమాబ్ అనే క్యాన్సర్ మందును తెల్లగుడ్డు పొర కింద ఇస్తే లేత తీగలు ముడుచుకుంటాయి, ముదురువి అంతగా లొంగవు. లావుపాటి తీగను సన్నని సూదితో కాల్చి మూస్తారు. మూలకణాలు లేకపోతే ఇవన్నీ తాత్కాలికమే.

అసలు మరమ్మతు ‘స్లెట్’ అనే మూలకణాల మార్పిడి. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ప్రచురించిన పద్ధతి ఇది. ఆ సంస్థకు విజయవాడ పక్క తాడిగడపలోనూ ఆసుపత్రి ఉంది. కంటి ఎరుపు తగ్గేదాకా నెలల తరబడి ఆగాలి, తొందర పనికిరాదు. రెప్పలు సరిగా మూసుకోకపోయినా, కన్ను మరీ పొడిబారినా ముందు అది చక్కదిద్దాలి. ఆపరేషన్‌లో తీగలున్న పొరను ఒలిచి, ఉమ్మనీటి సంచి పొరను జిగురుతో అతికిస్తారు. బాగున్న కంటి అంచు నుంచి సుమారు రెండు మిల్లీమీటర్ల చదరపు ముక్క తీసి, దాన్ని పది దాకా చిన్న ముక్కలు చేసి, చూపు పడే నడిమధ్య వదిలి చుట్టూ నారు నాటినట్టు పెడతారు. పైన కట్టుకట్టినట్టు మెత్తటి లెన్స్. కొన్ని వారాల్లో కొత్త పొర కమ్ముకుంటుంది. రెండు కళ్లూ కాలితే దగ్గరి బంధువు నుంచో, మరణానంతర దాత కంటి నుంచో కణాలు తీసుకోవాలి. అవి తిరస్కరణకు గురికాకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడాలి.

నేరుగా కార్నియా మార్చేయరాదా అని అడుగుతారు. తీగలున్న కంట్లో దాత కార్నియాను శరీరం తిప్పికొట్టే ముప్పు చాలా ఎక్కువ. లోతున మచ్చ మిగిలితే, కొత్త పొర నిలదొక్కుకున్నాకే మార్పిడి ఆలోచిస్తారు.