తప్పు దిద్దుకొను కట్టుబాటు
(విరుదునగరము, కోవిల్‌పట్టి వర్తకుల నుండి ఒక పాఠము)

తూనికల తనిఖీదారు అంగడికి ఎప్పుడో ఒకమారు వచ్చి పోవును. తక్కిన దినములలో త్రాసు సరిగా నిలుచుట వర్తకుని మనస్సు మీదను, అతని ఇరుగుపొరుగు అంగళ్లవారి కంటి మీదను ఆధారపడి యున్నది. చట్టమెంత గట్టిదైనను ప్రతి బేరమునకును ఒక పోలీసును నిలుపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. అట్లయినచో పదిమంది కలిసి బ్రతుకు చోట మంచి నడవడి ఎట్లు నిలుచును? తప్పు చేసినవానిని ఎవరు దిద్దవలెను? ఎంతవరకు దండింపవలెను? దండించువారిని ఎవరు అదుపులో ఉంచవలెను? ఈ ప్రశ్నలకు దక్షిణ తమిళనాడులోని రెండు వర్తక పట్టణముల చరిత్ర కొంత సమాధానము చెప్పుచున్నది. మన శాస్త్రములు తక్కినది చెప్పుచున్నవి.

నల్లరేగడి సీమ

విరుదునగరము, కోవిల్‌పట్టి రెండును మదురై నుండి తిరునెల్వేలికి పోవు దారిలో నున్నవి. నల్లరేగడి నేల, వాన తక్కువ. ప్రత్తి, జొన్న, సజ్జ, మిరప, ధనియాలు పండు సీమ. శతాబ్దముల క్రిందట ఆంధ్రదేశము నుండి తరలిపోయి స్థిరపడిన నాయుడు, రెడ్డి, కంబళత్తు నాయకర్ కుటుంబములు అక్కడ అనేకము కలవు. వారిలో ఎందరి ఇండ్లలోనో నేటికిని తెలుగే మాట్లాడుదురు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామమున పుట్టి 2021లో గతించిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఆ వలస కథనే ‘గోపల్ల గ్రామం’ అను నవలగా వ్రాసిరి.

విరుదునగరమునకు పూర్వము విరుదుపట్టి యని పేరు. ఆ ఊరు పండించునది స్వల్పము. అయినను మిర్చి, ధనియాలు, పప్పులు, నూనెల విషయమున విరుదునగరము ధర ఎంత యని తమిళనాడంతటను అడుగుదురు; పత్రికలలో ఆ ధరలను ప్రత్యేకముగ అచ్చు వేయుదురు. పండించని ఊరు ధర చెప్పగలుగుటకు కారణమేమి? సరకుకన్న ముందు అక్కడ నమ్మకము నిలువ చేయబడినది. ఆ నమ్మకమును నిలిపిన ఏర్పాటు తెలిసికొనదగినది.

పేటై, మహిమై, ఉరవిన్‌మురై

పందొమ్మిదవ శతాబ్దమున ఈ సీమలో వర్తకమునకు దిగినవారిలో నాడార్లు ముఖ్యులు. ఆ కాలమున వారికి అనేక దేవాలయములలో ప్రవేశము లేకుండెను. 1899లో శివకాశిలో వారిపై పెద్ద దాడి జరిగినది. దారిలో దొంగల భయము, ఊరిలో శత్రువుల భయము. వెలుపలి రక్షణ చాలనందున వారు తమలో తాము కట్టుబాటు ఏర్పరచుకొనిరి. విరుదునగరము, శివకాశి, అరుప్పుకోట్టై, తిరుమంగలము, పాలయంపట్టి, శాత్తంకుడి అను ఆరు ఊళ్లలో ఇది బలముగా పాదుకొన్నది.

మొదట ఏర్పడినది పేటై. బండ్లు, ఎద్దులు, సరకు భద్రముగా రాత్రి గడుపుటకు గోడ కట్టిన ఆవరణ ఇది. ఆ పేటై నడుపుటకై వ్యాపారమును బట్టి ప్రతివాడును చెల్లించు రుసుమునకు మహిమై యని పేరు. వర్తకము పెద్దదైనవాడు ఎక్కువ, చిన్నదైనవాడు తక్కువ ఇచ్చును, ఇయ్యనివాడు లేడు. ఈ నిధిని నడుపుటకును, తగవులు తీర్చుటకును కుటుంబ యజమానులందరును కూడిన సభ ఉరవిన్‌మురై. బాకీల తగాదా, మాట తప్పుట, కుటుంబ కలహము మొదలగునవి కోర్టుకు పోకమునుపే ఆ సభకు వచ్చుచుండెను. సభ జరిమానా విధించును. ఎంతకును లొంగనివానిని వెలి వేయును.

ఆ నిధి క్రమముగా గోడలకును బావులకును మించి పెరిగినది. విరుదునగరమున 1889లో క్షత్రియ విద్యాశాల వెలసినది. దాని పోషణకు ప్రతి ఇల్లాలును వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు వేరుగా తీసి ఉంచెడిది. దానిని తమిళమున ‘పిడి అరిసి’ యందురు. 1903లో ఆ ఊరిలోనే పుట్టి, తరువాత మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రియైన కామరాజు ఆ బడిలో చదివినవారే. 1947లో అదే సమాజము వారు అక్కడ కళాశాలను కూడ స్థాపించిరి.

ధర్మాదా పేర బిల్లులో కొంత వ్రాయుట మన వర్తకులకు తెలియని ఆచారము కాదు. అట్లు ధర్మమునకై వేరుగా వసూలు చేసిన సొమ్ము వర్తకుని ఆదాయము కాదని 1979లో సుప్రీంకోర్టు బిజిలీ కాటన్ మిల్స్ కేసులో తీర్పు చెప్పినది. ఆ సొమ్ము తనది కాదు, పదిమందిది అను భావమే మహిమైకి ప్రాణము. పిడికెడు బియ్యము ఇచ్చిన ఇల్లాలు కూడ ఆ బడి తనదే యనుకొనును. తనదనుకొన్నదానిని ఎవడును పాడు చేయడు, పాడు చేయనీయడు. మంచి నడవడికి మొదటి కాపలా ఇదియే.

ఇతర దేశముల సాక్ష్యము

ఇట్టి ఏర్పాటు మన దేశమునకే పరిమితము కాదు. పదకొండవ శతాబ్దమున ఉత్తర ఆఫ్రికా యూదు వర్తకులు మధ్యధరా సముద్రము మీద వ్యాపారము చేసిరి. సరకు పంపినవాడు ఒక రేవున, అమ్మిపెట్టువాడు మరియొక రేవున ఉండెడివారు. వారి ఉత్తరములు ఈజిప్టులోని పాత కైరో ప్రార్థనామందిరపు గదిలో దొరికినవి. వానిని పరిశీలించిన ఆర్థిక చరిత్రకారుడు అవ్నర్ గ్రైఫ్ ఒక సంగతి గమనించెను. ఒక వర్తకుని మోసగించిన ఏజెంటుకు తక్కిన వర్తకులు కూడ పని ఇయ్యరు. దూరపు రేవులో అతనిని పట్టుకొను అధికారి లేకున్నను అతని పేరే అతనికి జామీను.

స్పెయిన్ దేశమున వలెన్సియా పట్టణములో కాలువ నీటి తగవులు తీర్చు సభ కలదు. ప్రతి గురువారము మధ్యాహ్నము పెద్ద చర్చి ద్వారము ముందు అది కూడును. న్యాయమూర్తులు ఆ కాలువల రైతులే, రైతులు ఎన్నుకొన్నవారే. ప్లీడర్లు లేరు. వాదమంతయు నోటిమాటగానే జరుగును, తీర్పు అక్కడికక్కడే. శతాబ్దములుగా నడచుచున్న ఈ సభను 2009లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చినది.

అమెరికా విద్వాంసురాలు ఎలినార్ ఆస్ట్రమ్ ఇట్టి సంఘములను పలుదేశములలో పరిశీలించి 1990లో ఒక గ్రంథము ప్రకటించిరి. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. ఆ శాస్త్రమున దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే. చిరకాలము నిలిచిన సంఘములలో ఆమె చూచిన లక్షణములలో కొన్ని ఇవి: సభ్యులెవరో స్పష్టముగా తెలియును; నియమములు చేయుటలో పాటించువారికి పాలు ఉండును; కాపలాదారులు సభ్యులకు జవాబుదారులుగా ఉందురు; తగవు తీర్చు చోటు దగ్గరగా, ఖర్చు లేకుండ దొరకును; శిక్ష మొదట స్వల్పముగా ఉండి, తప్పు మరల మరల జరిగినకొలది పెరుగును.

ఈ కడపటి లక్షణము చాల ముఖ్యమైనది. మొదటి తప్పునకే పెద్ద శిక్ష వేయు సంఘములో రెండు కీడులు కలుగును. తప్పు చేసినవాడు దానిని దాచును. చూచినవాడు జాలిపడి నోరు మెదపడు. స్వల్ప శిక్షయైనచో ఆ రెండును జరుగవు.

పేరు అందరి సొత్తు

కోవిల్‌పట్టి కథ మన కాలమునకు చెందినది. ఆ ఊరు అగ్గిపెట్టెలకును కడలై మిఠాయికిని ప్రసిద్ధము. కడలై మిఠాయి యనగా మన పల్లీ పట్టీయే. నల్లరేగడిలో పండిన వేరుశనగ, బెల్లము, తామ్రపర్ణి నీరు దాని రుచికి కారణములని అక్కడివారు చెప్పుదురు. ఊరి పేరు పెద్దదైన కొలది ఇతర స్థలములలో చేసిన పట్టీలు కూడ ఆ పేరుతోనే అమ్ముడుపోవుచు వచ్చినవి.

పేరు అను ఆస్తికి ఒక యజమాని లేడు. ఒకడు నాసిరకము అమ్మినచో నష్టము అందరిదియు. కనుక అక్కడి తయారీదారుల, చిల్లర వర్తకుల సంక్షేమ సంఘము 2014లో భౌగోళిక గుర్తింపునకు దరఖాస్తు పెట్టినది. 2020 ఏప్రిలులో అది లభించినది. కాని గుర్తింపు పత్రము ఇతరులను ఆపుటకే కాదు. మిఠాయి దేనితో, ఎట్లు, ఎక్కడ చేయవలెనో దరఖాస్తులోనే వ్రాసి ఇయ్యవలెను. ఇతరులకు గిరి గీయబూనిన సంఘము ముందు తన చుట్టు గిరి గీసికొన్నది.

కళుగుమలై సాక్ష్యము

కోవిల్‌పట్టికి సుమారు 20 కిలోమీటర్ల దూరమున కళుగుమలై యను కొండ కలదు. పాండ్యరాజుల కాలమున, ఎనిమిదవ తొమ్మిదవ శతాబ్దములలో, అది గొప్ప జైన క్షేత్రము. కొండబండ మీద తీర్థంకరుల విగ్రహములు వరుసలుగా చెక్కబడి యున్నవి. వాని క్రింద వట్టెళుత్తు లిపిలో చిన్న శాసనములు కలవు. విగ్రహము చేయించినవారి పేరు, వారి ఊరు అందులో కనుపించును. మునులు, కురత్తియార్ అనబడిన స్త్రీ గురువులు, సామాన్య గృహస్థులు కూడ అందులో ఉన్నారు. మంచిపని చేసినవాని పేరు పదిమంది చదువు చోట వ్రాసిరి. తప్పు చేసినవారి జాబితా ఆ కొండ మీద లేదు. తప్పునకు వేరొక మార్గమును మన ఆచార్యులు నిర్ణయించిరి.

శాస్త్రము చెప్పు మెట్లు

తత్త్వార్థసూత్రమున సప్తమాధ్యాయమునందు శ్రావకుని ప్రతి వ్రతమునకును ఐదు అతిచారములు చెప్పబడినవి. అతిచారమనగా వ్రతము పూర్తిగా భంగమగుట కాదు, దానికి మరక తగులుట. అచౌర్య వ్రతమునకు చెప్పినవానిలో హీనాధిక మానోన్మానము ఒకటి, అనగా కొనునప్పుడు ఒక కొలత, అమ్మునప్పుడు మరియొక కొలత వాడుట. ప్రతిరూపక వ్యవహారము మరియొకటి, అనగా మంచిదానిలో చౌక సరకు కలిపి మంచిదని అమ్ముట. సత్యవ్రతమునకు చెప్పినవానిలో కూటలేఖ క్రియ దొంగపత్రము సృష్టించుట. రహోభ్యాఖ్యానము ఒకరి రహస్యమును బయటపెట్టుట. బజారులో జరుగు తప్పులను ఆచార్యులు ఎంత దగ్గరగా చూచిరో దీనివలన తెలియుచున్నది. ఏది తప్పో ముందుగా పేరు పెట్టి చెప్పనిదే దండించుట న్యాయము కాదు.

ఇక నవమాధ్యాయమున ప్రాయశ్చిత్తము తొమ్మిది విధములు. ఇవి ముఖ్యముగా మునులకు ఉద్దేశింపబడినవి. అయినను వాని వరుస గృహస్థుల సంఘములకు కూడ మార్గదర్శకము. మొదటిది ఆలోచన: గురువు ఎదుట తప్పు చెప్పుకొనుట. రెండవది ప్రతిక్రమణ: చేసినదానికి పశ్చాత్తాపపడి వెనుకకు మరలుట. తరువాత క్రమముగా త్యాగము, తపస్సు, దీక్షాకాలము తగ్గించుట మున్నగునవి వచ్చును. ఎనిమిదవది పరిహారము: కొంతకాలము సంఘమునకు దూరముగా ఉంచుట. అది చివరిది కాదు. తొమ్మిదవది ఉపస్థాపన: మరల వ్రతమునందు నిలుపుట. మెట్ల వరుస వెలితో ముగియక తిరిగి చేర్చుకొనుటతో ముగిసినది. స్వల్పము నుండి అధికమునకు పోవు శిక్షాక్రమమును ఆస్ట్రమ్ గ్రామములలో చూచిరి. తిరిగి వచ్చు త్రోవను మన శాస్త్రము ఆ క్రమములోనే ఒక మెట్టుగా పెట్టినది.

కట్టుబాటు హద్దులు

కట్టుబాటు కత్తివంటిది. వెలి అను శిక్షను ద్వేషమునకు వాడినప్పుడు ఇంటికి నీరు, పిల్లలకు సంబంధము లేకుండ పోవును. మహారాష్ట్ర శాసనసభ సాంఘిక బహిష్కారమును నేరముగా చేయుచు 2016లో చట్టము చేయవలసి వచ్చినదనిన, ఆ శిక్ష ఎంత దుర్వినియోగమైనదో ఊహింపవచ్చును. అట్లే వర్తక సంఘము తూకమును కాపాడవచ్చును గాని, అందరును ఒకే ధరకు అమ్మవలెనని రహస్యముగా నిర్ణయింపరాదు. 2002 నాటి పోటీ చట్టము దానిని నిషేధించుచున్నది. సభ్యుల మేలు కొనుగోలుదారునకు కీడు కాకూడదు.

నేడు బజారు మాట ఫోనులో నడచుచున్నది. ఫలాని దుకాణము దివాలా తీయనున్నదని ఎవడో వ్రాసిన ఒక్క వాక్యము గడియలో వంద ఫోనులకు చేరును. సాయంత్రమునకు అప్పులవారు వాకిట నిలుతురు. మరునాడు ఆ మాట అబద్ధమని తేలినను పోయిన పరువు తిరిగి రాదు. పూర్వము ఇట్టి మాట ఊరు దాటుటకు పది దినములు పట్టెడిది. ఆ పది దినములలో పెద్దలు నిజము విచారించెడివారు. ఇప్పుడు విచారణకు సమయము లేదు కనుక నియమము ముందే ఉండవలెను.

ఆచరణకు తగిన నియమములు

1. నియమములు కొద్దిగా, స్పష్టముగా, వ్రాతలో ఉండవలెను. క్రొత్త సభ్యుడు చేరిననాడే వానిని చదివి ఒప్పుకొనవలెను.

2. ప్రతి సభ్యుడును, ఎంత చిన్న మొత్తమైనను, సంఘనిధికి చెల్లింపవలెను. లెక్కలు అందరి ఎదుట చదువవలెను.

3. తోటి వర్తకుని అప్పు, నష్టము, ఇంటి సంగతి ఎవరును నలుగురిలో వ్రాయరాదు. అనుమానమున్నచో పెద్దలకు మాత్రమే తెలుపవలెను.

4. మొదటి తప్పును ఏకాంతమున చెప్పవలెను. రెండవది పెద్దల ఎదుట. మూడవదానికి జరిమానా. ఆపైననే దూరముంచుట, అదియు గడువు పెట్టి.

5. విచారించు పెద్దలు వంతులవారీగా మారవలెను. తన బంధువు వ్యవహారములో ఎవరును తీర్పరిగా కూర్చుండరాదు.

6. ప్రతి సంవత్సరమును క్షమాపణ దినమునకు ముందుగా, దూరముంచబడినవారి పేర్లను సభలో తప్పక తలచి, వారిలో ఎవరిని తిరిగి పిలువవచ్చునో నిర్ణయింపవలెను.

కడపటి నియమమే అన్నిటికన్న కష్టమైనది. తప్పు చేసినవాడు వచ్చి చేతులు జోడించుట సులభము కాదు. ఆ చేతులను పట్టుకొని తిరిగి పంక్తిలో కూర్చుండబెట్టుట అంతకన్న సులభము కాదు. ఏటేట క్షమాపణ చెప్పుకొను జైన కుటుంబములకు ఈ రెండును క్రొత్తవి కావు. ఇంటిలో ఒకనాడు చేయు పనిని అంగడిలోను, సంఘములోను ఏడాది పొడవున చేయుట ఒక్కటే మిగిలి యున్నది.