పిల్లలకు చూపించే ముందు నువ్వు చూడు

చిరంజీవి అమ్మడికి,

నీ ఉత్తరం అందింది. ‘మావాడు అన్నం తింటూ చూసే ఆ యూట్యూబర్ మంచివాడేనా టీచరమ్మా?’ అని తల్లులు అడుగుతుంటే, రెండు వీడియోలు చూసి ‘బూతులేం లేవండీ, పర్వాలేదు’ అనేద్దామనుకున్నానని రాశావు. అలా అనకు. బూతులు లేనంత మాత్రాన పిల్లలకు పనికొస్తుందని కాదు.

అమెరికాలో యూటా రాష్ట్రంలో రూబీ ఫ్రాంకీ అనే తల్లి 2015లో ‘ఎయిట్ ప్యాసింజర్స్’ అని ఒక ఛానల్ పెట్టింది. మొగుడూ పెళ్ళాం, ఆరుగురు పిల్లలు. దైవభక్తి, క్రమశిక్షణ, ఇంటి పనులు, పండగలు. ఇరవై లక్షల మందికి పైగా సబ్‌స్క్రైబర్లు. పైపైన చూస్తే వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆరేళ్ళ కూతురు మధ్యాహ్నం తిండి మరిచిపోయి బడికి వెళితే, ఆకలి తెలిస్తేనే బుద్ధొస్తుందని, తాను తీసుకెళ్ళి ఇవ్వనని ఆ తల్లి కెమెరా ముందే చెప్పింది. శిక్షగా తన గది తీసేసుకుంటే నెలల తరబడి బీన్‌బ్యాగ్ మీద పడుకున్నానని పెద్దకొడుకు 2020లో ఒక వీడియోలో అన్నాడు. 2023 ఆగస్టులో ఆమె పన్నెండేళ్ళ కొడుకు, తనను ఉంచిన ఇంట్లోంచి తప్పించుకుని పొరుగింటి తలుపు కొట్టి తిండీ నీళ్ళూ అడిగాడు. 2024 ఫిబ్రవరిలో, పిల్లల్ని హింసించిన నేరానికి ఆమెకు జైలుశిక్ష పడింది.

ఆ ఇంటి సంగతి వీడియోల్లోనే కనిపించింది చూడు. అనుమానించి అధికారులకు ఫిర్యాదు చేసిన ప్రేక్షకులూ ఉన్నారు. మిగతా లక్షల మంది పిల్లల్ని ఎంత బాగా పెంచుతోందో అనుకుంటూ చూశారు. అందుకే ఏ ఛానల్ తెరిచినా ముందు అందులో అందరికన్నా బలహీనులెవరో వెతుకు. పసిబిడ్డ కావచ్చు, ముసలమ్మ కావచ్చు, తోపుడు బండి అతను కావచ్చు, వీధి కుక్క కావచ్చు. వాళ్ళ పట్ల ఆ మనిషి ఎలా ఉన్నాడు? ప్రాంక్ పేరుతో బిడ్డను ఏడిపించి, ఏడుపు మొహాన్ని పెద్దది చేసి, నవ్వుల సౌండ్ వేశాడా? అయితే నీకు మరో వీడియో చూడాల్సిన పనిలేదు. అది చూసి నవ్విన పిల్లాడు రేపు నీ క్లాసులో పక్కవాణ్ణి అలాగే ఏడిపిస్తాడు.

కొత్త వీడియోలు మాత్రమే చూసి తేల్చకు. ఛానల్ పేజీలో పాతవి, ఎక్కువ మంది చూసినవి వేరుగా కనపడతాయి. రెండూ చూడు. తర్వాత షార్ట్స్. అన్నిటికన్నా ముఖ్యం లైవ్‌లు. ఎడిట్ చేసిన వీడియోలో ఎవరైనా నోరు అదుపులో పెట్టుకుంటారు. స్నేహితులతో లైవ్‌లో కూర్చున్నప్పుడు అసలు మాట బయటికొస్తుంది. 2024 జూలైలో ఒక తెలుగు యూట్యూబర్‌ని తెలంగాణ పోలీసులు అరెస్టు చేసింది అలాంటి కబుర్ల వల్లే. ఒక తండ్రీ, చిన్నారి కూతురూ ఉన్న వీడియో మీద అతనూ, అతని స్నేహితులూ కలిసి వెకిలిగా మాట్లాడారు.

‘మేడ్ ఫర్ కిడ్స్’ అన్న గుర్తు చూసి నిశ్చింతగా ఉండకు. పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించారని అమెరికా ప్రభుత్వ సంస్థ కేసు పెడితే, 2019లో గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. ఆ ఒప్పందం వల్లే, తమ వీడియో పిల్లల కోసమా కాదా అని చెప్పడం వీడియోలు పెట్టేవాళ్ళందరికీ తప్పనిసరైంది. ఆ గుర్తు మామూలుగా వీడియో పెట్టినవాళ్ళే పెట్టుకునేది. దాని వల్ల కామెంట్లు ఆగుతాయి, పిల్లాడి అలవాట్లను బట్టి ప్రకటనలు చూపడం ఆగుతుంది. అంతే తప్ప లోపలున్నది మంచిదని ఎవరో చూసి వేసిన ముద్ర కాదు. బొమ్మల వీడియో కదా అనీ అనుకోకు. తెలిసిన కార్టూన్ బొమ్మలతోనే రక్తం, ఇంజెక్షన్లు, భయంకరమైన దృశ్యాలు నింపిన వీడియోలు పసివాళ్ళ ముందుకు వచ్చాయని 2017లో ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది.

ఇక డబ్బు. ఆ మనిషికి రాబడి ఎక్కడినుంచి వస్తోందో కనుక్కో. ప్రకటనల మీద వస్తే తప్పులేదు, అతనూ బతకాలి. కానీ డబ్బు తీసుకుని పొగిడినప్పుడు ఆ సంగతి చెబుతున్నాడా? మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే ఇలా చెప్పాలని నియమం పెట్టింది. పెద్దవాళ్ళకు అక్కడ ప్రకటన అని రాసి ఉంటే అర్థమవుతుంది; ఎనిమిదేళ్ళ పిల్లాడికి అది అన్నయ్య చెప్పిన మాట. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ సినిమా నటుల మీద, తెలుగు యూట్యూబర్ల మీద హైదరాబాద్‌లో కేసులు పెట్టారు. ఆ ఏడాది ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్నీ, వాటి ప్రకటనల్నీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. కాబట్టి పాత వీడియోల కింద ఉన్న లింకుల మీదా ఒక కన్నెయ్యి.

మంచివాళ్ళు లేరా అంటే, ఎందుకు లేరు! అరవింద్ గుప్తా గారి వీడియోలు చూడు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన మనిషి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, పాత కాగితాలతో విజ్ఞానశాస్త్రం బొమ్మలు చేసి చూపిస్తారు. అరుపులు ఉండవు, సస్పెన్సు ఉండదు, కొనమనేది ఏదీ ఉండదు. వీడియో కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, పిల్లాడు ఫోను పక్కన పడేసి వంటింట్లో అగ్గిపెట్టె కోసం వెతుకుతాడు. అగ్గిపెట్టె విషయంలో పెద్దవాళ్ళు పక్కనుండాలనుకో, అది వేరే సంగతి. వీడియో అయ్యాక పిల్లాడు ఏం చేస్తున్నాడో చూడమని తల్లులకు చెప్పు. ఏదైనా చేయబోతున్నాడా, ఇంకొకటి పెట్టమని ఏడుస్తున్నాడా? నా దృష్టిలో దీన్ని మించిన పరీక్ష లేదు.

పిల్లల్ని కూడా అడుగు. ‘ఆయనంటే నీకెందుకు ఇష్టం?’ అని మామూలుగా అడిగితే చక్కగా చెబుతారు. తిడతావేమోనని అనిపిస్తే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు.

పిల్లలకు పనికొచ్చే ఛానళ్ళ జాబితా రాసి తల్లిదండ్రులకు ఇస్తే, దాని మీద తేదీ వెయ్యి. చూసే పిల్లలు పెద్దవాళ్ళయ్యే కొద్దీ ఛానల్ మాటా తీరూ మారిపోతాయి. దసరా సెలవుల ముందొకసారి, సంక్రాంతి ముందొకసారి మళ్ళీ చూసుకో. నీ కళ్ళతో చూడని దాన్ని మాత్రం ఆ జాబితాలో రాయకు తల్లీ.

ప్రేమతో,
పెద్దమ్మ